గొంతు వినిపించినంత మేర

పొద్దు వాలే వేళ ఎంగెల్బెర్ట్ పాలు వడపోసే చెక్క గరాటును నోటికి పెట్టుకుని ప్రార్థన అందుకుంటే, అటూ ఇటూ ఉన్న రెండు లోయలూ చెవులు రిక్కించేవి. వేసవంతా కొండ మీద ఆవుల్ని మేపేవాళ్ళకు అది ఏ సాయంత్రమూ తప్పకూడని పని. గొంతు ఎంతదాకా వినిపిస్తే అంతదాకా ఆ రాత్రి దేవుడు కాపలా ఉంటాడు, పిడుగు పడదు, ఆవు లోయలోకి జారదు. ఎంగెల్బెర్ట్ ‘ముగ్గురు అక్కచెల్లెళ్ళు’ అని పిలిచే మూడు శిఖరాలతో మొదలుపెట్టి, రాప్పెన్‌స్టైన్ కొండనూ వదూజ్ కోటనూ బాల్జర్స్ కోటనూ పేరుపేరునా పిలిచి, రైన్ నది దగ్గర ఆపేవాడు. దక్షిణపు వెచ్చగాలి తోడైతే ఆ బుల్లి దేశంలో సగం అతని గొంతు కిందే నిద్రపోతుందనీ, ఏటి అవతలి స్విస్ వాళ్ళకు కూడా పుణ్యం ఊరికే దక్కుతోందనీ జనం నవ్వుకునేవారు.

ఆ వసంతంలో అతని గొంతుకు ఆపరేషన్ అయింది. ఎండుటాకులు రాసుకున్నట్టు ఓ గరగర మాత్రం మిగిలింది. అది పరాయివాళ్ళ చెవిన పడటమే అవమానమనుకుని, పెళ్ళాం దగ్గర కూడా నోరు మూసేశాడు మహానుభావుడు. ఉప్పు కావాలంటే వేలు చూపించేవాడు. జున్ను కాచే ఒటీలియాకు ఆ వేసవంతా గోడతో కాపురమే అయింది. కొండలు ఏమైపోయినా ఫర్వాలేదు, ఈ మనిషి ఒక్క మాట మాట్లాడితే చాలని ఆమె ఏడ్చిన రోజులున్నాయి.

సాయంత్రం ప్రార్థన ఆగిపోయిందని భయపడి, ఆవుల ఆసాములు చివరికి కింది ఊరినుంచి జోడోక్‌ను పంపారు. వాడిది పీపాలాంటి ఛాతీ.

“మావా, నీకెందుకీ అవస్థ? గరాటు ఇలా ఇచ్చెయ్. నేనరిస్తే ఆస్ట్రియా దాకా పోద్ది.”

“అరవడానికేం, ఎద్దు కూడా అరుస్తుంది,” అంది ఒటీలియా గుడిసె ముందు బల్ల మీంచి. “ఆయన్ని అడగనీ. ఏమయ్యా, గరాటు ఇస్తావా, నువ్వే పిలుస్తావా? నోరు తెరిచి చెప్పు.”

ఎంగెల్బెర్ట్ గరాటు పట్టుకుని కంచె దగ్గరికి నడిచాడు. రైన్ లోయ పొగమంచుతో నిండిపోయింది. ఊళ్ళూ కోటలూ మునిగిపోయి, శిఖరాలొక్కటే తెల్లటి నీళ్ళలో తేలుతున్నాయి. ఆవుల మెడగంటలు ఎవరి కలలోంచో మోగుతున్నట్టున్నాయి. అతను అక్కచెల్లెళ్ళ వైపు తిరిగి నోరు తెరిచాడు, మూసేశాడు. గొంతు చేరని చోటును పేరు పెట్టి పిలవడమంటే దేవుడి ముందు అబద్ధమాడటమే. అతను ఆ పని ఎన్నడూ చేయలేదు.

గరాటు దించి, మెల్లగా గుడిసె వైపు తిరిగాడు.

“తండ్రీ,” అన్నాడు ఆ గరగర గొంతుతో. “ఈ నీళ్ళతొట్టిని కాపాడు. తొట్టి దగ్గరున్న కుంటి ఆవుని కాపాడు. ఈ పొగగొట్టాన్ని, ఈ గడపని...”

జోడోక్ టోపీ తీసేశాడు. ఇన్నేళ్ళుగా దేశంలోని ప్రతి రాయినీ దేవుడికి అప్పగించిన మనిషి, ఈ గడప పేరెత్తడం ఒటీలియా ఎన్నడూ వినలేదు.

“ఆ బల్ల మీద కూర్చున్న మా ఒటీలియాని కాపాడు.”

ఆపైన గరాటు జోడోక్ చేతిలో పెట్టాడు. “ఇక్కడిదాకా నాది. కంచె అవతలిదంతా నీదిరా అబ్బాయ్.”

జోడోక్ గొంతెత్తాడు. మంచు మీదుగా ఆ పిలుపు అక్కచెల్లెళ్ళ దాకా వెళ్ళి, కొండ తర్వాత కొండను తట్టుకుంటూ పోయింది. ఎంగెల్బెర్ట్ వచ్చి బల్ల మీద పక్కన కూర్చున్నాడు.

“ఇందాక చివర్లో ఏదో అన్నావు,” అంది ఒటీలియా, కళ్ళు తుడుచుకోకుండానే. “నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పు.”

ఆమె చెవులు శుభ్రంగా పనిచేస్తాయని అతనికి తెలుసు. అయినా మళ్ళీ చెప్పాడు.