నిమిషానికి ఎనిమిది చుక్కలు

నా బావమరిది నీళ్ల గొట్టాలు బాగుచేసే పనిలో ముప్పై ఏళ్లు గడిపాడు. అందుకే, క్లోమం లోపలి సన్నటి నాళంలో సున్నపు రాయి అడ్డం పడిందని డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి చెబుతుంటే నాకంటే ముందు వాడికే అర్థమైంది.

"యాసిడ్ పోస్తే పోతుంది కదమ్మా?"

"మీ కడుపు బాత్‌రూమ్ పైపు కాదండీ," అందామె నవ్వుతూ. రాయిని కరిగించే మందునీళ్లు వేరే ఉన్నాయట. ముక్కులోంచి ఆ నాళం దాకా సన్నటి గొట్టం వేసి, నిమిషానికి ఎనిమిది చుక్కల చొప్పున ఏడు రోజులు పంపుతారట. కరిగితే సరే. కరగకపోతే కోత. క్లోమంలో చాలాభాగం తీసేయాలి, ఆపైన బతికినన్నాళ్లూ ఇన్సులిన్ సూదులు. "అందరికీ కరగదు, ముందే చెబుతున్నా," అంది.

వాడికి అంత వినే ఓపిక లేదు. రెండేళ్లుగా రెండు ముద్దలు తింటే చాలు, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోతున్నాడు. వీపులోంచి మేకు దిగుతున్నట్టు ఉంటుందట. చిక్కిపోయి అద్దం చూసుకోవడం మానేశాడు. పోయిన నెల, "నొప్పి లేకుండా ఒక్క పూట తిని పోయినా ఫర్వాలేదు బావా," అన్నాడు. అది వేళాకోళం కాదు.

గొట్టం వేశాక ఆస్పత్రిలో రాత్రిళ్లు వాడి భార్య, పగళ్లు నేను కాపలా. నా ఇంట్లో నాకోసం ఎదురుచూసేవాళ్లు లేరు. వాడి అక్క పోయి నాలుగేళ్లు.

ఐదోరోజు ఎక్స్‌రేలో రాయి అంచు కొంచెం అరిగింది. కొంచెమే. డాక్టరమ్మ ముఖంలో సంతోషం కంటే సందేహమే ఎక్కువ కనిపించింది. అది వాడూ చూశాడు.

మధ్యాహ్నం నేను మంచినీళ్లు పట్టుకుని వచ్చేసరికి సీసాలోంచి పడుతున్నవి చుక్కలు కావు. దారంలా ధార కట్టింది. గొట్టానికున్న చిన్న చక్రాన్ని వాడే తిప్పాడు.

"ఏం పని రా ఇది!" గబగబా చక్రం బిగించాను.

"ఒత్తిడి లేందే సున్నం కదలదు బావా. ఇది నా పని, నాకు తెలుసు. నిదానమే ప్రధానం అన్నవాడి కడుపులో రాయి లేదు."

పావుగంటలో నొప్పి మొదలైంది. దిండు కొరికాడు. పక్క దుప్పటి చెమటకి తడిసిపోయింది. నేను లేచి తలుపువైపు కదిలితే చొక్కా పట్టుకున్నాడు.

"నర్సుకి చెప్పకు. చెబితే గొట్టం పీకేస్తారు. ఇంకా రెండు రోజులుంది. తగ్గిపోతుంది, ఒట్టు."

"ఒరేయ్..."

"అక్క ఉంటే చెప్పేది కాదు!"

నిజమే. చిన్నప్పటి నుంచి వీడి తప్పులన్నీ కడుపులో పెట్టుకుని దాచింది. తన నొప్పినీ అలాగే దాచింది. "ఎవరికీ చెప్పకండి, తగ్గిపోతుంది" అంటే నేను తలూపాను. మూడు వారాలు ఊపాను.

వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, వెళ్లి చెప్పాను.

సాయంత్రం గొట్టం తీసేశారు. క్లోమం వాచింది, ఇక మందునీళ్లు పంపడానికి వీల్లేదు, వాపు తగ్గాక కోతే అన్నారు. "ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేది," అని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. నర్సు, గొట్టాన్ని ముక్కు కింద పట్టి ఉంచిన ప్లాస్టర్‌ను నూనెతో నానబెట్టి, మీసంలో ఒక్క వెంట్రుకైనా లాగకుండా ఊడదీసింది. ఆ ఓపికకు ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది. వాడు మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాయి లోపలే ఉంది.

ఇంతలో వాడి భార్య వచ్చింది. సీసా లేని స్టాండు చూసి, నన్ను చూసింది.

"గొట్టమేది అన్నయ్యా? రెండు రోజులేగా ఉంది! ఎవరు తీసేయమన్నారు?"

నేను కుర్చీ ఆమెవైపు జరిపాను.

"చక్రం తిప్పింది నేనే," అన్నాడు వాడు, గోడతో చెబుతున్నట్టు. "నర్సుకి చెప్పిందీ నేనే."

రెండో మాట అబద్ధం. ఆమె మంచం అంచున కూలబడి, దుప్పటి మీంచే వాడి పాదం పట్టుకుంది.

"మరి కోతకి ఒప్పుకుంటావా?"



"బావని అడుగు," అన్నాడు, ఇటు తిరక్కుండానే.