గాలి తిరిగిన గుహ

ఆ గుహ ఊపిరి పీలుస్తుంది. నవ్వకండి, నిజంగానే. బయట గాలి బరువు పెరిగితే లోపలికి పీలుస్తుంది, వానకి ముందు ఆ బరువు తగ్గితే బయటికి వదులుతుంది. ఉన్నది ఒక్కటే మూతి కాబట్టి పీల్చినా వదిలినా ఇటునుంచే. పశువులు పడిపోకుండా ఆ మూతికి ఇనుపరేకు తలుపు పెట్టారు. తలుపు చట్రానికి ఒక ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. అది ఎటు ఎగిరితే గాలి అటు పోతున్నట్టు.

గుహకి పటం గీసే పని అక్కాతమ్ముళ్ళది. తమ్ముడు టేపూ దీపమూ పట్టుకుని లోపలికి వెళ్తాడు, అక్క మూతి దగ్గర కాపలా ఉంటుంది. ఉంటుందని పేరే గాని, ఆవిడ ఒక్కచోట ఉంటే కదా! కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. నోరు తెరిస్తే "పద పద" అంటుంది. అందుకే తమ్ముడు ఆమెకి "పదపద" అని పేరు పెట్టాడు. వాడేం తక్కువ తినలేదు, అన్నం కూడా నిలబడే తింటాడు.

ఇద్దరికీ పని నేర్పింది తండ్రే. ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఇది: "గుహ పీలుస్తున్నప్పుడే లోపలికి వెళ్ళండి. లోపల గొంతుని నమ్మకండి, నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది. దీపం ఆరిపోతే గాలి మొహానికి తగిలేటట్టు నడవండి, బయటపడతారు. గాలి ఆగిందా, ఉన్నచోటే చతికిలబడండి. మళ్ళీ వీచినా లేవకండి, మనిషి వచ్చేదాకా."

ఆ పొద్దున కూడా అక్క హడావిడి పెట్టింది. సంచులు తనే సర్దింది. "పద పద, పొద్దెక్కుతోంది!"

"వెళ్తున్నానే తల్లీ, నీ కాళ్ళలో చక్రాలు పెట్టి పుట్టించాడు దేవుడు" అని సణుక్కుంటూ తమ్ముడు లోపలికి దిగాడు. రిబ్బను లోపలికే ఎగురుతోంది.

మధ్యాహ్నం దాటాక కొండ మీద మబ్బు పట్టింది. రిబ్బను వాలిపోయింది. చూస్తూండగానే బయటికి తిరిగి రెపరెపలాడింది.

'పర్వాలేదు, దీపం ఉందిగా, గోడ మీద సుద్దగుర్తులు చూసుకుంటూ వచ్చేస్తాడు' అనుకుంది. నీళ్ళ కోసం తన సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి రెండో బ్యాటరీ తగిలింది. వాడి సంచిలో ఉండాల్సింది.

మొదటి బ్యాటరీ ఈపాటికి అయిపోయే ఉంటుంది. గాలేమో ఇప్పుడు లోపల్నుంచి వస్తోంది. వాడు చీకట్లో, అది మొహానికి తగులుతోంది కదా అని ధైర్యంగా నడుస్తూ ఉంటాడు, లోలోపలికి. ఆ దారి చివర గొయ్యి ఉంది. పోయినవారం అందులోకి రాయి వేస్తే చప్పుడే రాలేదు.

"ఒరేయ్, వెనక్కి తిరగరా!" అని అరిచింది. అరిచి ఏం లాభం? గొంతుని నమ్మొద్దని నేర్చుకున్నవాడాయె. పరిగెత్తినా అందుకోలేదు.

ఆమె తలుపు పట్టుకుని లాగింది.

వాళ్ళని తీసుకొచ్చిన జీపు డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో అమ్మా, లోపల మనిషుండగా తలుపేస్తారేంటి? మతిపోయిందా?"

"పోయింది. ముందు తొయ్యి!"

ఇద్దరూ తోశారు. తలుపు మూసుకుంది గాని సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది. తన కోటు కుక్కింది, జీపు సీటు గుడ్డలు పీకి కుక్కింది. రిబ్బను వాలింది. కన్నతల్లి కడుపున తన తర్వాత పుట్టిన ఒక్కగానొక్క తమ్ముణ్ణి చీకట్లో పెట్టి తలుపు వేసింది. గాలి ఆగింది, ఇప్పుడు వాడు కూర్చోవాలి. పుట్టి బుద్ధెరిగి ఎవరి మాటా విని కూర్చోనివాడు!

"నేను దూరగానే మళ్ళీ మూసెయ్యి" అని డ్రైవరుకి చెప్పి, దీపం పట్టుకుని తలుపు సందులోంచి లోపలికి దూరింది. ఆ కాసేపట్లోనే గాలి గుప్పున మొహాన కొట్టింది. వెనకాల తలుపు పడింది.

సుద్దగుర్తులు పట్టుకుని వెళ్ళింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. ఒక్కో మలుపు దగ్గరా వాడు కనిపిస్తాడని చూసింది, లేడు. చివరి మలుపు తిరిగింది.

వాడు మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉన్నాడు.

"తలుపు పడిపోయిందనుకున్నానక్కా."

"పడలేదురా. నేనే వేశాను."

"నువ్వా? ఎందుకే?"

"నీ కాళ్ళ ముందు చూడు."

వాడు చూశాడు. దీపం వెలుగులో, వాడి పాదాల దగ్గరే నేల అయిపోయింది. వాడు మెల్లిగా కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"మధ్యలో గాలి మళ్ళీ కొట్టింది. లేవబోయాను."

"మరి?"

"నాన్న తిడతాడని ఆగాను."

నాన్న పోయి ఎన్నేళ్ళయిందో. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గోడకి చేరగిలబడి జారిపోయింది.

కాసేపటికి వాడే లేచి చెయ్యి అందించాడు. "పద అక్కా."

"ఉండరా" అంది పదపద, వాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగుతూ. "కాసేపు కూర్చుందాం."