బేత్లెహేము బొమ్మల్లో టోనీక్

మా ఊరు లిపొవెత్స్‌కి ఎవరొచ్చినా మూడే చూపిస్తాం. చౌకులో ప్లేగు పోయినందుకు నిలబెట్టిన స్తంభం, చర్చి గోపురం, పాత బడిలో మాతౌష్ వొరెల్ యేసు పుట్టుక కథని బొమ్మలుగా చెక్కిన బేత్లెహేము. మొదటి రెండింటి దగ్గరా ఆవలిస్తారు. మూడోదాని దగ్గర నోరు వెళ్ళబెడతారు. దాన్ని తిప్పేది నేనే. నేను పిడి పట్టి తిప్పానంటే గది నిండా ఉన్న కొయ్యబొమ్మలన్నీ కదుల్తాయి. గొర్రెలు తలలూపుతాయి, కమ్మరి సుత్తి వేస్తాడు, ముగ్గురు రాజులు ఒంటెల మీద దిగుతారు.

మా వైపు బేత్లెహేము చెక్కేవాళ్ళు ఊళ్ళోవాళ్ళ మొహాలే పెడతారు. అందుకే బతికున్నన్నాళ్ళూ మాతౌష్‌కి సారాయికీ బాతుమాంసానికీ లోటు లేదు. బాలయేసు దగ్గర చోటు కోసం పెద్దపెద్దవాళ్ళు ఆయన గుమ్మంలో టోపీ తీసి నిలబడేవారు. రోజూ రొట్టె పంపిన రొట్టెలాయన గొర్రెల కాపరయ్యాడు. నన్ను బావి దగ్గర నోరు తెరిచిన ఆడదాన్ని చేశాడు. నా నోటి సంగతి ఊరందరికీ తెలిసిందే, నేనేం అనుకోలేదు.

ఆయన కోడలు వ్లాస్తా నా నేస్తం. మంచిదే, కానీ ఆకలి మాట కడుపులో దాచుకోలేదు. ఇంట్లో బంగాళాదుంపల పులుసు తప్ప ఏమీ లేని ఒక రోజు అనేసింది.

"మామయ్యా, మీ బొమ్మలకి తిండక్కర్లేదు, మా పసివాడు టోనీక్‌కి కావాలి. మీ అబ్బాయిని కూడా ఈ చెక్కల మధ్య కూర్చోబెట్టకండి, గాజు ఫ్యాక్టరీకి పోనివ్వండి."

కొడుకు ఫ్యాక్టరీలో చేరాడు. ముసలాడు కొత్త చెక్క ముందేసుకున్నాడు. కక్షంతా ఉలికి అప్పజెప్పాడు.

ఆ క్రిస్మస్‌కి కొత్త బొమ్మలు పెట్టాడు. హేరోదు రాజు పంపగా పసిపిల్లల్ని చంపడానికొచ్చిన సైనికుడు. వాడి ముందు మోకాళ్ళ మీద ఒక తల్లి, రొమ్ముకి కరుచుకున్న బిడ్డ. తల్లిది వ్లాస్తా మొహం. సైనికుడిది కసాయి బ్రాబెత్స్ మొహం. పిడి తిప్పితే కత్తి లేస్తుంది, బిడ్డ మీద పడుతుంది. బిడ్డ టోనీకేనని అందరికీ తెలుసు. అప్పటికి వాడికి రెండేళ్ళు. నా పక్కనే తియ్య రొట్టె చప్పరిస్తూ నిలబడి ఉన్నాడు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

"చూశావా వ్లాస్తా, నా దెబ్బ ఎంత సూటిగా పడుతోందో," అన్నాడు బ్రాబెత్స్, మీసం మెలేసుకుంటూ.

వ్లాస్తా కత్తి లేవడం చూసి మొహం తిప్పేసుకుంది. పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరిలో టోనీక్ గొంతు మూసేసే కంఠసర్పి జ్వరంతో పోయాడు.

దినాలు కాగానే వ్లాస్తా మామగారి దగ్గరికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను.

"నన్ను అలాగే ఉంచండి మామయ్యా. కావాలంటే దెయ్యాన్ని చెయ్యండి. పిల్లాణ్ణి మాత్రం తీసెయ్యండి."

"అన్నీ ఒక్క ఇరుసు మీదే తిరుగుతున్నాయి. ఒకటి పీకితే అన్నీ ఆగుతాయి. నా జన్మంతా చేసిన పని నీ ఏడుపు కోసం ఆపమంటావా?"

"వాడు మీ మనవడు."

"అందుకేగా అంత బాగా చెక్కాను," అన్నాడు. చేతిలో ఉలి కింద పెట్టను కూడా లేదు.

వ్లాస్తా ఊరి పెద్ద దగ్గరికి పోయింది. అప్పటికే బొమ్మలు చూడ్డానికి రైలెక్కి ప్రాగ్ నుంచి జనం వస్తున్నారు, బీరు దుకాణం కిటకిటలాడుతోంది. "అది కొయ్యమ్మా, కొయ్యకి నొప్పేముంటుంది," అన్నాడాయన. కొయ్యకి కాదురా సన్నాసీ, కన్నదానికి ఉంటుంది అని నేను అరిచాను. నన్ను బయటికి గెంటించాడు.

ముసలాడు చచ్చాడు. బ్యాండు మేళంతో సాగనంపారు. వ్లాస్తా మొగుణ్ణి యుద్ధం మింగింది. వ్లాస్తా మాత్రం పాత బడి వీధిలో మళ్ళీ కాలు పెట్టలేదు. సంతకి పోవాలన్నా బీరు ఫ్యాక్టరీ చుట్టూ తిరిగి పోయేది.

మొన్న శరదృతువులో వీధి మైకులో చెప్పారు, మన బేత్లెహేమును ప్రాగ్ మ్యూజియానికి తరలిస్తున్నారని, ఇక అక్కడే ఉంటుందని. లారీ వచ్చే ముందు రోజు సోమవారం, మాకు సెలవు. మధ్యాహ్నం వ్లాస్తా మా ఇంటికొచ్చింది. చేతిలో పుట్టగొడుగులు కోసే కత్తి.

"తాళం తియ్యి రూజెనా. ఊరు నవ్వింది చాలు, దేశమంతా వచ్చి చూడాలా? వాణ్ణి కోసి తెచ్చుకుంటాను."

"కొయ్యవే తల్లీ, పీడా పోతుంది," అన్నాను. నా ఉద్యోగం పోతే పోయిందని వెళ్ళి పాత బడి తాళం తీశాను.

బొమ్మ దగ్గరికి వంగింది. బిడ్డ మొహం తల్లి రొమ్ములో దాగి ఉంటుంది, వెనక మెడ ఒక్కటే కనిపిస్తుంది.

"మొహం ఏదీ?"

"తిప్పితే ఎత్తుతాడు."

"తిప్పు."

తిప్పాను. సైనికుడి చెయ్యి లేచింది. బిడ్డ తలెత్తి తల్లిని చూశాడు. మడత పడ్డ ఎడమ చెవి, ఎడం ఎడంగా మొలిచిన ముందు పళ్ళు. ఎవరో తనతో దాగుడుమూతలు ఆడుతున్నారనుకున్నట్టు నవ్వుతున్నాడు. కత్తి పడింది. తల వాలిపోయింది.

వ్లాస్తా బెంచీ మీద కూలబడింది. ఊళ్ళోకి ఫోటోలాయన ఈస్టర్ తిరునాళ్ళకే వచ్చేవాడు. డబ్బుల్లేక అంతకు ముందెప్పుడూ తీయించలేదు, ఆ ఏటి ఈస్టర్ దాకా టోనీక్ లేడు.

"వాడి మొహం మర్చిపోయానే," అంది. "కళ్ళు మూసుకుంటే జ్వరంలో ఉన్న మొహమే వస్తోంది ఇన్నేళ్ళూ. ఇదీ వాడి మొహం. తలెత్తినప్పుడు ఆపవే, చూసుకుంటాను."

రెండు చేతులతో పిడి బిగబట్టాను. లోపల వేలాడే రాయి బరువుకి అది ఆగదు. ఆ ముసలి పాపిష్టోడు అక్కడ ఆగే వీలే ఉంచలేదు. కత్తి పడనే పడింది.

"కోస్తానన్నావుగా," అన్నాను.

"కోస్తే తలెత్తడుగా." కత్తి మడిచి సంచీలో పెట్టుకుంది. "మళ్ళీ తిప్పు."

తిప్పాను. మళ్ళీ అంది. మళ్ళీ తిప్పాను. చర్చిలో సాయంత్రం గంట కొట్టేదాకా, భుజం లాగేస్తున్నా, నా చేత్తో ఆ పిల్లాణ్ణి ఎన్నిసార్లు చంపానో నాకు తెలీదు.