ఇంకా తేలని ఎలక్షన్

ఆరిజోనాలోని చాండ్లర్‌లో మధ్యాహ్నం మూడు దాటితే ఎండ కూడా కునుకు తీస్తుంది. కిటికీ తెరల వెనక పచ్చని వెలుగు నీళ్ళలా కదలకుండా నిలిచిపోతుంది. ఆ వేళకు జ్ఞానప్రసూన పక్కింటి లోరెయిన్ దగ్గరికి వెళ్ళేది. లోరెయిన్‌కు ఎనభై దాటాయి, మతిమరుపు జబ్బు ముదిరింది. కూతురు డెబ్రా పని నుంచి వచ్చేదాకా తోడుండి, ఇంత సూపు తాగించడం జ్ఞానప్రసూన తనంతట తాను నెత్తిన వేసుకున్న పని.

ఆ సూపు తాగించడమే గగనమైపోయింది. లోరెయిన్ మనసులో ఎప్పుడూ ఒకటే సాయంత్రం. యాభైల నాటి నవంబరు. ఆవిడ చిన్నపిల్ల. పత్తి రైతు అయిన వాళ్ళ నాన్న ఆరిజోనా గవర్నర్ పదవికి పోటీ చేశాడు. ఆ పిల్ల రేడియో ముందు చాప మీద కూర్చుని, ఫలితం తేలేదాకా ముద్ద ముట్టనంది. ఇప్పటికీ ముట్టడం లేదు.

నిజానికి ఆయన ఓడిపోయాడు. జ్ఞానప్రసూన పోయిన వారం ఆ మాటే చెప్పింది. లోరెయిన్ అప్పుడే విన్నట్టు వెక్కివెక్కి ఏడ్చింది. గెలిచాడని డెబ్రా చెప్పి చూసింది. అప్పుడేమో కోటు వేసుకుని, నాన్న వస్తాడని వాకిట్లో నిలబడింది. ఎలా చెప్పినా గిన్నెలో సూపు గిన్నెలోనే ఉండిపోయింది. ఇంకా తినకపోతే ఆసుపత్రిలో చేర్చి గొట్టం వేయాల్సిందేనన్నాడు డాక్టరు.

"గెలిచాడనే చెప్పి, వాకిట్లోనే తినిపించు. ఒక్క అబద్ధానికి ఆవిరైపోయేంత పుణ్యమేనా నువ్విన్నాళ్ళూ కూడబెట్టింది?" అన్నాడు భర్త రవిశంకర్.

"మీకేమండీ, రోజుకి పది మీటింగులు. అలవాటైపోయింది."

"అబ్బో!"

"అది కాదు. బతుకులో ఇన్ని సాయంత్రాలుండగా, దేవుడు ఆవిడని పట్టుకెళ్ళి అదే సాయంత్రంలో ఎందుకు కూర్చోబెట్టాడంటారు?"

"నాకైతే ఈమెయిల్ పెట్టలేదు" అని రవిశంకర్ లాప్‌టాప్ తెరిచాడు.

మర్నాడు సూపు వెచ్చచేసి తెచ్చేసరికి లోరెయిన్ కిటికీ వైపు చూస్తూ ఉంది. బయట వరసగా ఇళ్ళు, వాటికవతల కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ. ఆవిడకు మాత్రం అవేవీ కనిపించడం లేదు.

"పత్తి విచ్చింది చూశావా?" అంది.

జ్ఞానప్రసూన చూసింది. ఎండకు ఇళ్ళ కప్పులు తెల్లగా కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నిజంగానే చేను విచ్చినట్టుంది. ఎక్కడో రేడియో గరగర కూడా వినిపించినట్టయింది. ఫ్రిజ్ చప్పుడేమోలే అనుకుంది, కానీ లేచి చూడలేదు.

"నువ్వు ఓటేశావా, హనీ?"

"నో వోట్, లోరెయిన్‌గారూ. గ్రీన్ కార్డ్." పెద్దావిడని ఉత్త పేరుతో పిలవడానికి ఆమెకు నోరు రాదు.

"ఏ కార్డైతేనేం? ఆడవాళ్ళకి ఓటొచ్చి ఎన్నేళ్ళైందీ! మీ ఆయనకి తెలీదేమో, చెప్పు."

జ్ఞానప్రసూనకు నవ్వొచ్చింది. లోరెయిన్ నవ్వలేదు. చెంచా పక్కకు నెట్టేసి, సన్నని గొంతుతో అడిగింది.

"మా నాన్న ఏమయ్యాడు?"

ఓడాడంటే ఏడుపు, గెలిచాడంటే వాకిలి. జ్ఞానప్రసూన ఇష్టదైవాన్ని తలుచుకుని నోరు తెరిచింది. ఎన్నికల్లో నిలబడ్డారు అన్న తెలుగు మాటే ముందొచ్చింది. ఇంగ్లీషులోకి మార్చి అనేసింది. "యువర్ ఫాదర్ స్టుడ్."

అన్నాక నాలుక కరుచుకుంది. ఈ దేశపు ఇంగ్లీషులో ఎలక్షన్‌కి 'రన్' అంటారు, పరుగెత్తుతారు గానీ నిలబడరు.

"నిలబడ్డాడా?" లోరెయిన్ కళ్ళు పెద్దవయ్యాయి. "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడా? అయ్యో, ఆ కొత్త బూట్లు కరుస్తాయి. చూస్తావేం? కుర్చీ వెయ్యి!"

జ్ఞానప్రసూన బల్ల దగ్గరి కుర్చీ వైపు చూసింది. రోజూ పొద్దున్నే తను దేవుడి ముందు కూర్చుని, కంటికి కనిపించని ఆయనకు ఆసనం సమర్పిస్తూనే ఉందిగా. అది అబద్ధమని తనకెన్నడూ అనిపించలేదే! లేచి ఆ కుర్చీ తెచ్చి, లోరెయిన్‌కి ఎదురుగా వేసింది. చీర కొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది.

లోరెయిన్ చాలాసేపు ఆ కుర్చీకేసి చూసింది. భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"ఆకలిమీదున్నాడు. ముందు ఆయనకి పెట్టు."

జ్ఞానప్రసూన ఇంకో గిన్నెలో కాస్త సూపు పోసి, ఆ కుర్చీ ముందు ఉంచింది. గదిలో వెలుగు బంగారంలా చిక్కబడింది. సూపు మీద ఆవిరి లేచి, కుర్చీ దాకా వెళ్ళి, అక్కడ కనిపించకుండా పోయింది.

"తింటున్నాడా?" అని జ్ఞానప్రసూనే అడిగింది, తనకు తెలియకుండానే.

"ఊఁ. మాట్లాడించకు" అని, లోరెయిన్ చెంచా అందుకుంది.