ససేమిరా మాస్టారి లెక్క

గణాంకశాస్త్రం చెప్పే ఆ పెద్దాయన్ని విశ్వవిద్యాలయంలో అందరూ చాటుగా ససేమిరా మాస్టారనేవారు. ముందొక నమ్మకం పెట్టుకుని, కొలతలు వచ్చేకొద్దీ దాన్ని దిద్దుకునే బేజియన్ పద్ధతిని నక్షత్రాల లెక్కల్లో వాడతామంటే, ఇరవై ఏళ్ళుగా ఆయనది ఒకటే మాట: "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!"

తన సిద్ధాంత గ్రంథానికి ఆయనే పరీక్షకుడని తెలిసి ఓ పరిశోధకురాలికి బెంగ పట్టుకుంది. మూడేళ్ళు ఓ నక్షత్రం వెలుగు కొలిచి, దాని చుట్టూ గ్రహం తిరుగుతోందని ఆ పద్ధతిలోనే తేల్చింది. ఉందన్న వైపు మూడువందల పాళ్ళు, లేదన్న వైపు ఒక్క పాలు. గ్రహం నిలిస్తే పట్టా, లేకపోతే మళ్ళీ మొదటికి.

"ఆయన అసలీ పద్ధతినే కొట్టేస్తారు. నువ్వు బెదరకు, నేను చూసుకుంటా" అన్నారు గైడు మేడం.

మౌఖిక పరీక్ష సభకు గంట ముందు మాస్టారే ఆమె గదికి వచ్చి ఓ నోటుబుక్కు చేతిలో పెట్టారు. ఆమె తెరిచి చూసింది. ఆయనకు గిట్టని పద్ధతిలోనే ఆమె లెక్కంతా మెట్టు మెట్టునా చేసి ఉంది, కొట్టివేతలతో సహా. గిట్టని దాన్ని తిట్టేవాళ్ళు కోకొల్లలు. నేర్చుకుని మరీ కాదనేవాళ్ళు ఎందరుంటారు!

"గ్రహం ఒక చుట్టుకి పదకొండు నుంచి పదమూడు రోజులే పడుతుందని ముందే అనుకున్నావు. ఎందుకమ్మా?"

కొలతల్లో పన్నెండు రోజుల దగ్గర చిన్న తేడా కనబడ్డాకే ఆమె ఆ హద్దులు పెట్టింది. ఆ కొలతలనే మళ్ళీ సాక్ష్యంగానూ వాడుకుంది. ఆయన ఒకటి నుంచి వంద రోజుల దాకా హద్దులు తెరిచి చేస్తే, మూడువందలు కాస్తా ఆరయింది.

"నేనడిగితే దొరికిపోయినట్టు. నువ్వే చెప్తే దిద్దుకున్నట్టు. గంట టైముంది" అని వెళ్ళిపోయారు.

ఆమె చెప్పింది. తెర మీద మొదటి బొమ్మ దగ్గరే తన తప్పంతా చెప్పేసింది. "గ్రహం ఉందని ఇప్పుడు తేల్చలేనండీ." మేడం ముఖం పాలిపోయింది. మూడేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే అనుకుంది అమ్మాయి.

వెనక వరుసలో ఒకాయన నవ్వాడు. "చివరికి మీరే గెలిచారు మాస్టారూ! ఆ పద్ధతి పనికిరాదని తేలిపోయింది."

"లేదండీ" అన్నారు మాస్టారు లేచి నిలబడి. "ఇదే లెక్క, ముందు నమ్మకాల ఊసెత్తని నా పద్ధతిలోనూ చేశా. ఈ తప్పు నా కంటికి ఆనలేదు. వీళ్ళు నమ్మకాన్ని కాగితం మీద రాసి తీరాలి, అందుకే దొరికింది. నేనూ ఇలాంటి హద్దులు ఎన్ని పెట్టుకున్నానో! ఒక్కటీ రాయలేదు."

ఆయన పరీక్షకుల నివేదికను ముందుకు లాక్కున్నారు.

"పట్టా ఇచ్చేది ఈ అమ్మాయికి, గ్రహానికి కాదు" అంటూ అందరికంటే ముందు ఆయనే సంతకం పెట్టారు.