డ్రిల్లు మాస్టరు ఎంచిన గోల్ కీపరు

కర్నూలుతో పోటీకి కడప ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేసే భారం ఆ ఏడు డ్రిల్లు మాస్టరు ఓబులపతి మీద పడింది. పది పేర్లకు ఎవరూ నోరెత్తలేదు. గోల్ కీపరుగా మద్దిలేటి పేరు బోర్డు మీద కనబడగానే మాత్రం ఊరు భగ్గుమంది. మైదుకూరు నుంచి వచ్చే బండ్ల మీంచి విసిరే పుచ్చకాయలను పట్టుకుని, వెనకవాడికి అందించే మండీ కూలి అతడు.

"ఏమి అయివోరా, ఊళ్ళో ఆడేటోళ్ళే కరువైనారా?" అని హోటలు తిమ్మయ్య నలుగురిలో నిలదీశాడు.

"రెండు బండ్లు దించినాడప్పా. ఒక్క కాయ కింద పడలేదు. నా కండ్లతో చూసినా," అన్నాడు మాస్టరు. పైకి ధీమాగా అన్నా లోపల గుబులుగానే ఉంది.

పోటీలో మొదటి బంతి రివ్వున వచ్చింది. మద్దిలేటి చక్కగా ఒడిసిపట్టి, అలవాటు కొద్దీ వెనక్కి అందించాడు. వెనక మనిషి లేడు, వల ఉంది. కర్నూలుకు గోలు! జనం నెత్తి కొట్టుకున్నారు. మాస్టరుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోలు దగ్గరికి పరుగెత్తాడు.

"ఒరే మద్దిలేటీ, యెనక ఎవురూ లేరురా! పట్టింది ముందుకు ఇసురు!"

"అట్లని ముందే చెప్పొద్దా అయివోరా!"

ఆ తర్వాత ఒక్క బంతీ అతణ్ణి దాటలేదు. అతడు విసిరినవి సగం మైదానం దాటి పడ్డాయి. వాటితోనే కడప రెండు గోల్స్ కొట్టి గెలిచింది.

"మద్దిలేటిని పెట్టమన్నది నేనే కదప్పా!" అని తిమ్మయ్య ఆ సాయంత్రం అందరికీ చెబుతున్నాడు. మాస్టరు కాదనలేదు. ఆయనకు అంత సంతోషంగా ఉంది.