ఎనభై ఎనిమిది నుంచి తొంభై రెండు

"మాస్కు కడుగుడుకు అర్ధగంటనా?" అన్నాడు మా ఆయన భూపాల్, ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూ. నేను క్వార్టరు వెనక నల్లా దగ్గర కూర్చుని, మామయ్య ముక్కూ నోరూ కప్పే రెండు మాస్కుల్లో ఒకదాన్ని గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి, దాని అంచు చుట్టూ వేలితో మెల్లగా రుద్దుతున్నాను. ఆ అంచుకు జిడ్డు పడితే మాస్కు చెంపకు అతకదు. అతకకపోతే మిషన్ ఇచ్చే గాలి పక్కనుంచి పోతుంది. ఇదంతా చెప్పాలంటే ఇంకో అర్ధగంట పడుతుంది కాబట్టి చెప్పలేదు. "అక్కవాళ్ళు మందమర్రి నుంచి బయలెల్లిన్రు. కూర లేటైతది" అన్నాడు. కూర తనంతట తానే లేటవుతుందన్నట్టు.

మా మామయ్య సదయ్య ముప్పై ఒక్క ఏళ్ళు బాయి లోపల బొగ్గు తీశాడు. ఊపిరితిత్తులు పాడై పనికి పనికిరాడని తేలాక ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. పాడైన ఊపిరితిత్తులు కోడలికి వచ్చాయి. ఎనిమిది నెలల కింద దవాఖాన నుంచి ఇంటికి వచ్చేటప్పుడు రెండు మిషన్లు వెంట వచ్చాయి. ఒకటి మాస్కులోంచి గాలిని లోపలికి తోస్తూ ఆయన తరఫున సగం ఊపిరి తీసేది. రెండోది ఆక్సిజన్ తయారుచేసి ఆ గాలిలో కలిపేది. వాటిని బిగించడానికి వచ్చిన మనిషి అన్నీ మా ఆయనకే చెప్పాడు. మా ఆయన ఫోన్ చూసుకుంటూ తల ఊపాడు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి, క్యాలెండరు వెనక రాసుకున్నాను. మా ఊరి బడిలో అయిదు తరగతులకు ఒక్కడే సారు. పక్క తరగతికి చెప్తున్న పాఠం వినడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

వేలికి పెట్టే క్లిప్పులో ఎనభై ఎనిమిదికీ తొంభై రెండుకీ మధ్య అంకె ఉండాలని డాక్టరు చెప్పాడు. తగ్గితే ప్రమాదం, అది అందరికీ తెలుసు. పెరిగినా ప్రమాదమేనంటే ఎవరూ నమ్మరు. ఏళ్ళ తరబడి చెడుగాలి లోపలే నిలిచిపోవడానికి అలవాటుపడ్డ ఒళ్ళు ఆయనది. అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే ఆ చెడుగాలి ఇంకా పేరుకుంటుంది, మనిషి మత్తుగా పడిపోతాడు. అందుకే అంకె తగ్గితే ముందు వేళ్ళు చల్లబడ్డాయా చూస్తాను, చల్లబడితే క్లిప్పు తప్పు చూపిస్తుంది. తర్వాత మాస్కు, గొట్టం, గొట్టంలో చేరిన నీళ్ళు. గొంతులో కఫం ఉంటే కూర్చోబెట్టి వీపు మీద తట్టి తీయిస్తాను. ఆక్సిజన్ పెంచే, తగ్గించే మర తిప్పడం అన్నిటికంటే చివర. ఇన్ని చూసేసరికి పొయ్యి మీద పాలు పొంగుతాయి. పొంగిన పాలు మాత్రం అందరికీ కనిపిస్తాయి. "నీకేంది బిడ్డా, మిషినే ఊపిరి తీస్తది, మిషినే ఆక్సిజన్ ఇస్తది" అంటుంది పక్క క్వార్టరు సారవ్వ. మా ఆయనైతే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, "ఇంట్లనే ఉన్నవు గదా, అలసుడేంది?" అంటాడు. ఆయన షిఫ్టు ఎనిమిది గంటలు. అది అయిపోయాక ఇంకొకరు దిగుతారు.

పదకొండు గంటలకు ఆడబిడ్డ సంధ్యారాణి వచ్చింది. మా ఆయన కంటే పెద్దది, తండ్రి అంటే ప్రాణం. వస్తూనే ఏడ్చింది. తర్వాత మాస్కు తీసి, తెచ్చిన అరిసె ముక్కలు చేసి తినిపించింది. "వదినె, ఎక్కువసేపు తియ్యద్దు" అన్నాను. "రోజూ నువ్వే తినిపిస్తవు. ఒక్కరోజు నేను తినిపిస్తే ఏమైతది?" అంది. మాస్కు మళ్ళీ తానే పెట్టింది. నేను చూద్దామని దగ్గరికి వెళ్ళేలోపు మా ఆయన, "మటన్ మాడుతున్నట్టుంది" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. ఇప్పటికీ నాకు కోపం వచ్చేది ఆ ఒక్క అడుగు మీదే.

నలభై నిమిషాల తర్వాత కంచాలు తీసుకుని వచ్చేసరికి ఇద్దరూ సంబరంగా ఉన్నారు. "ఎనభై అయిదుకు పడ్డది. మావోడు మర తిప్పిండు, తొంభై ఏడు" అంది వదిన. రెండు మీద ఉండాల్సిన ఆక్సిజన్ అయిదు మీద ఉంది. మా ఆయన ఉండేది బాయిలో గాలి చూసే సెక్షన్‌లో. "లోపల గాలి తక్కువైతే ఫ్యాన్ పెంచుతం. గంతే లెక్క. దీనికింత భయపడుడేంది?" అన్నాడు. "నాయన ఎంత మంచిగ నిద్రపోతుండో చూడు, ఎన్ని దినాలైందో గిట్ల పండుకోక" అంది వదిన.

నేను పిలిచాను. మామయ్య పలకలేదు. భుజం పట్టి ఊపితే కన్ను సగం తెరిచి మూశాడు. ముఖం ఎర్రగా ఉంది, అరచేతులు వెచ్చగా ఉన్నాయి. ఎడమ చెంప దగ్గర మాస్కు కింది నుంచి గాలి బుస్సుమంటోంది. మర మీద చెయ్యి వేశాను. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"తొంభై ఏడు ఉంటే తగ్గిస్తవా? మా నాయనను ఏం చేద్దామని?"

"నాయన బరువైతే చెప్పు జమునా, నేను తోల్కపోత" అంది వదిన.

"తోల్కపో వదినె. ముందుగాల బతకనియ్యి" అన్నాను. నా నోటి నుంచి అలాంటి మాట వాళ్ళు విని ఉండరు, నేనూ వినలేదు. మణికట్టు వదిలాడు. మాస్కు ఎత్తి మళ్ళీ అతికించాను. మర మెల్లగా తగ్గిస్తూ రెండుకు తెచ్చాను. అంకె తొంభై దగ్గర ఆగింది. ఒక్కో అంకె దిగినప్పుడల్లా వదిన నన్ను తిడుతూనే ఉంది. మామయ్య మాత్రం లేవలేదు. నూట ఎనిమిదికి ఫోన్ చేసింది నేనే.

దవాఖానలో రక్తం పరీక్ష చూసి డాక్టరు, "చెడుగాలి చాలా పేరుకుంది. ఆక్సిజన్ ఎవరు పెంచారు?" అని అడిగాడు.

మా ఆయన నేలకేసి చూశాడు. "మిషిన్ అంత ఆమెనే చూసుకుంటది సార్" అన్నాడు.

అది అబద్ధం కాదు. అదే నాకు మింగుడుపడలేదు. ఎనిమిది నెలల్లో ఎవరి ముందూ ఒప్పుకోని నా పనిని, తప్పు జరిగిన రోజున మొత్తంగా నాకు అప్పజెప్పాడు. డాక్టరు నా వైపు తిరిగి, చదువు తక్కువ వాళ్ళకు చెప్పే గొంతుతో, ఇష్టమొచ్చినట్టు తిప్పకూడదమ్మా అని నెమ్మదిగా వివరించాడు. నేను తల ఊపాను. మామయ్య ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాదన పెట్టుకోవద్దనుకున్నాను. ఆడవాళ్ళకు ఇలాంటి మంచి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి.

నాలుగో రోజుకు మామయ్య మనిషిలో పడ్డాడు. కళ్ళు తెరిచి, మాస్కు లోపలి నుంచే, "తిన్నవా?" అని అడిగాడు. పెళ్ళయి ఆరేళ్ళలో ఆ మాట ఆయన నన్ను అడగడం అదే మొదలు. లేదని చెప్పాను, నిజంగానే తినలేదు.

మధ్యాహ్నం సుగుణమణి సిస్టర్ వచ్చింది. ఆ వార్డులో అందరికంటే పెద్దది. "రేపు ఇంటికి తోలుతం. మిషిన్ ఎవరు చూస్తరో వాళ్ళు నా ముందర ఒక్కసారి పెట్టి చూపియ్యాలె" అంది. మా ఆయనా, వదినా ఒకేసారి నన్ను చూపించారు.

"నాకు వచ్చు సిస్టర్" అన్నాను. "ఆ దినం పెంచింది నేను గాదు, ఈయన. ఈయనకు నేర్పుండ్రి."

పక్క మంచం దగ్గర ఎవరో నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటికి పోయినంక మాట్లాడుదాం" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. సుగుణమణి సిస్టర్ ఏమీ అడగకుండా మాస్కు ఆయన చేతిలో పెట్టింది.

మామయ్య ముఖానికి పెట్టాడు. గాలి మామయ్య కళ్ళలోకి కొట్టింది. పట్టీలు ఇంకా బిగించాడు. ఇంకా ఎక్కువ కొట్టింది. మిషన్ మోగడం మొదలుపెట్టింది. "జమునా" అన్నాడు మా ఆయన. "జర చూడరాదు" అంది వదిన, నా భుజం మీద చెయ్యేసి, ఈసారి మెత్తగా.

"రేపు తోలద్దు సిస్టర్" అన్నాను. "వీళ్ళిద్దరికి వచ్చినంకనే తోలుండ్రి. గప్పటిదాక మేము ఇంటికి రాము, మామయ్య, నేను."

అలారం మోగుతూనే ఉంది. సుగుణమణి సిస్టర్ మా ఆయన పక్కనే నిలబడి, పట్టీ వదులు చెయ్యమని చెబుతోంది. నేను కుర్చీలోంచి లేవలేదు.